దేనికంటే బెటరు?

పెసరట్టు ఎలా ఉందంటే బెటర్. మోకాలి నొప్పి బెటర్, వియ్యాలవారి మర్యాద బెటర్, కొత్త మేనేజరు బెటర్, మొన్నటి వానకి తేలిన వీధి కూడా ఇవాళ బెటరే. ‘బాగుంది’ అనే నిండైన మాట మన నోట్లోంచి ఎప్పుడు జారిపోయిందో తెలీదు. దాని స్థానంలోకి వచ్చింది దానికి సరితూగినా ఇంత బాధ ఉండేది కాదు. బడిలో గుడ్, బెటర్, బెస్ట్ అంటూ మనల్ని మూడు మెట్లు ఎక్కించారు. వాడుకలో మాత్రం బెటర్ గుడ్‌కి పైమెట్టున లేదు, ఒక మెట్టు కిందికి దిగిపోయింది. నమ్మకం లేకపోతే ఆస్పత్రి వరండాలో నిలబడి వినండి. ‘పెద్దాయన బాగున్నారు’ అంటే చూడ్డానికొచ్చినవాళ్లు గుమ్మంలోంచే ఓ నమస్కారం పెట్టి వెళ్లిపోతారు. ‘బెటర్’ అన్నారో, బత్తాయిల సంచి కింద పెట్టి, గొంతు తగ్గించి, ‘ఇంతకీ డాక్టరేమంటున్నాడు?’ అని కుర్చీ లాక్కుంటారు. పెళ్లి సంబంధాల్లోనూ అంతే. ‘అబ్బాయి బాగుంటాడు’ అనేది మెచ్చుకోలు. ‘ఫర్వాలేదు, బెటరే’ అన్నది మాత్రం ఇంకో రెండు సంబంధాలు చూద్దామన్న సంకేతం.

ఈ దిగజారుడికి కారణం ‘కంటే’ ఎగిరిపోవడం. వలనన్, కంటెన్, పట్టి పంచమీ విభక్తి అని ఒకప్పుడు ప్రతి తెలుగు పిల్లాడూ వల్లెవేశాడు. మన విశేషణం ఇంగ్లీషు విశేషణంలా తోక తగిలించుకోదు. పెద్ద ఎప్పటికీ పెద్దే, ఎవరికంటే పెద్దో విడిగా చెప్పుకోవాలి. ఇంగ్లీషులో ఆ నిర్బంధం తక్కువ. అందుకే అక్కడ ఓల్డ్ మాన్ కంటే ఓల్డర్ మాన్ చిన్నవాడు. మొదటాయన ముసలాయన, రెండో ఆయనకి ఇంకా ఆశలున్నాయి. బెటర్ కథ మరీ విడ్డూరం. దానికీ గుడ్‌కీ రక్తసంబంధమే లేదు. బెటర్, బెస్ట్ ఒక మూలం నుంచి వచ్చాయి, వాటి మొదటి మెట్టు భాషలో నిలవలేదు. ఆ ఖాళీలో గుడ్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. అసలు మొదలే పోగొట్టుకున్న మాట దేనితో పోలుస్తున్నానో చెప్పకపోవడంలో వింతేముంది?

బెటర్ హాఫ్ దగ్గర కాసేపు ఆగక తప్పదు. షష్టిపూర్తి సభల్లో, పదవీ విరమణ సన్మానాల్లో ‘మై బెటర్ హాఫ్’ అంటూ భార్యను వేదిక మీదికి పిలవని వక్త అరుదు. లెక్క ప్రకారం సగాలు రెండూ సమానం. సమానం కానివి ముక్కలవుతాయి గానీ సగాలు కావు. అయితే ఇంగ్లీషులో బెటర్ అంటే ఎక్కువ అనే అర్థం కూడా ఉంది. ‘బెటర్ పార్ట్ ఆఫ్ ఏన్ అవర్’ అంటే గంటలో మంచి భాగమని కాదు, చాలా భాగమని. ఫిలిప్ సిడ్నీ 1590లో అచ్చైన ‘ఆర్కేడియా’లోనే ఈ బెటర్ హాఫ్‌ని దాంపత్యానికి వాడేశాడు. ఆ లెక్కన ఇది సగానికి మించిన సగం. మన అర్ధాంగి అలా కాదు, కొలిచి ఇచ్చిన మాట. శివుడు పార్వతికి ఇచ్చింది సరిగ్గా సగం, అందుకే ఆ కాపురంలో ఏది బెటరన్న పేచీ రాలేదు. మన వక్తగారు భార్యను మేలైన సగమన్నారంటే తాను నాసిరకం సగమని ఒప్పుకున్నట్టే కదా? ఆ ఒప్పుకోలు ఇంటి దస్తావేజుల్లో కనబడదు, బ్యాంకు ఖాతాలో కనబడదు. శాలువా కప్పించుకునేది నాసిరకం సగమే, వచ్చినవాళ్లకి కాఫీలు అందాయో లేదో చూసేది మేలైన సగం. 1549 నాటి ఇంగ్లండు చర్చి ప్రార్థనపుస్తకం పెళ్లి ప్రమాణంలోనే బెటర్‌నీ వర్స్‌నీ పక్కపక్కన పెట్టింది. దేనికంటే అన్నది మాత్రం అక్కడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంతమంది ప్రమాణం చివరిదాకా చదివేవారో.

ఇక ‘నువ్విక్కణ్ణుంచి వెళ్తే బెటర్’ అన్నది సలహాయో బెదిరింపో అనేవాడి ఒళ్లు చూసుకుని తేల్చుకోవాలి. మన పెద్దలు నయానా భయానా అని రెండూ విడివిడిగా పెట్టుకున్నారు, బెటర్ ఒక్కటే రెండు పనులూ చేసేస్తుంది. అన్నిటికంటే ఖరీదైన బెటర్ బెటర్‌మెంట్ చార్జీల్లో ఉంది. అనుమతిలేని లేఅవుట్లో స్థలం కొన్నవాళ్లకి దీని రుచి తెలుసు. రోడ్డు, డ్రైనేజీ మెరుగుపడాలి గనక సొమ్ము ముందే కట్టాలి. రసీదులో బెటర్ ఉంటుంది, కంటే ఉండదు. ఏ తేదీనాటి వీధి కంటే ఈ వీధి మెరుగవ్వాలో ఎక్కడా రాయరు గనక, అవలేదని నిలదీయడానికి చేతిలో కాగితం లేదు. మరింత తెల్లదనం అమ్మే సబ్బులకీ, మెరుగైన పాలన వాగ్దానం చేసే పార్టీలకీ ఇదే సౌకర్యం.

‘మన నయం మాత్రం తక్కువ తిందా?’ అని ఎవరైనా అడగవచ్చు. జబ్బూ నయమవుతుంది, బేరమూ నయంగా కుదురుతుంది, ‘ఇంకా నయం’ అనే మాటలోనూ కంటే కనబడదు. నిజమే. కానీ ‘ఇంకా నయం’ అన్నవాళ్లు అక్కడితో ఆగరు. ‘కాలు విరగలేదు’ అని వెంటనే పూర్తిచేస్తారు. పోలిక ఒక వాక్యం ఆలస్యంగానైనా వస్తుంది. పైగా నయమైందంటే జబ్బు పోయినట్టు, బెటరంటే ఇంకా ఉన్నట్టు. సందర్భాన్ని బట్టి అర్థమవుతుంది గదా అన్నది రెండో అభ్యంతరం. కొట్లో రెండు చీరలు పక్కపక్కన పరిచినప్పుడు తప్పకుండా అర్థమవుతుంది. నా పేచీ ఒక్క చీరే చూపించి బెటరనేవాళ్లతో.

కంటే అక్కర్లేకుండానే అర్థమయ్యే వాక్యం పేపర్లో తరచూ వస్తుంది: మెరుగైన చికిత్స కోసం విశాఖ కేజీహెచ్‌కు తరలించారు. కేజీహెచ్ 1923లో మొదలైంది. వందేళ్లు దాటాక కూడా మన్యంలో జబ్బుపడ్డ మనిషికి మెరుగు అన్న మాటకి చిరునామా అదే. దీని మీద జోకు వేయడానికి చేతులు రావడంలేదు. అమెరికాలో ఉన్న కొడుక్కి ఇక్కణ్ణుంచి తల్లి ఫోన్లో చెప్పే మాట ఇంకొకటి: ‘నిన్నటికంటే బెటర్రా.’ ఇందులో కంటే శుభ్రంగా ఉంది. పంచమీ విభక్తి ఎక్కడా తప్పలేదు. రోజూ నిన్నటికంటే బెటరైతే ఈపాటికి ఆవిడ తిరుమల మెట్లు పరుగున ఎక్కాలి. ఆ లెక్క కొడుకు వేయలేడా? వేయగలడు. వీసా, సెలవు, టికెట్టు ధర కూడా అతనికి తెలుసు. ‘సరే అమ్మా, మందులు మర్చిపోకు’ అంటాడు. ఆవిడ అతన్ని ఏం తిన్నావని అడుగుతుంది.