చెమట పట్టకుండా ధైర్యం కొలవడం ఎలా?

మండలంలో టీచర్ల శిక్షణ. ఏడెనిమిది మందిని కూర్చోబెట్టి చర్చ నడిపే ధైర్యం వాళ్ళకి ఎంత పెరిగిందో పైకి లెక్క పంపాలి. కంగారొద్దు. ముందు లెక్క వేసేసుకోండి, కొలత సంగతి తర్వాత.

1. తమ ధైర్యానికి తామే మార్కులు వేసుకునే మొదటి ఫారం టిఫిన్ రాకముందే పంచండి. బస్సు దిగి, ఖాళీ కడుపుతో, కుర్చీ దొరక్క నిలబడ్డ మనిషి తనకు తాను ఐదింటిలో రెండుకి మించి వేసుకోడు. రెండోది బిర్యానీ అయ్యాక. అప్పుడు ఎవరైనా అసెంబ్లీనే నడిపేస్తామంటారు.

2. "చర్చ బాగా నడపగలరా?" అంతే అడగండి. "ఒకాయనే వాయించేస్తుంటే నొప్పించకుండా ఆపగలరా? మూల కూర్చున్న కొత్త మేడమ్ చేత మాట్లాడించగలరా?" అని విడగొట్టి అడిగితే నిజాలు బయటపడతాయి. 2006లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా అలాగే అడగమన్నాడు, ఒక్కో పనికీ సున్నా నుంచి నూరు దాకా. రిపోర్టు సాయంత్రానికల్లా కావాలని ఆయనకేం తెలుసు!

3. ఫారం మీద పేరు, బడి, ఫోన్ నంబరు రాయించండి. మండల విద్యాధికారి గారిని వరసల మధ్య తిరగమనండి. ఫారం చేతికొచ్చాకే సర్టిఫికెట్టు.

4. గండమల్లా బాగా నేర్చుకున్నవాళ్ళతోనే. పొద్దున ధీమాగా ఐదు వేసిన టీచరమ్మ, నమూనా చర్చలో ఇద్దరు మాస్టార్లు సీనియారిటీ మీద కలబడేసరికి నోట మాట రాక నిలబడిపోతుంది. సాయంత్రం నిజాయితీగా మూడు వేస్తుంది. పని ఎంత కష్టమో ఇప్పుడే తెలిసింది మరి! కాగితం మీద మాత్రం మీ శిక్షణ ఆవిడ ధైర్యాన్ని చంపేసినట్టే. మందేమిటంటే, పొద్దుటి ఫారాలు "ఎక్కడో పడ్డాయి" అనండి. ఒకే కాగితం మీద "అప్పుడెంత, ఇప్పుడెంత?" అడగండి. పరిశోధకులు వాడే పద్ధతే, మొహమాటం అక్కర్లేదు. కాకపోతే వాళ్ళు పెన్ను పట్టుకున్నవాళ్ళ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడరు. మీరు నిలబడండి.

5. ఇంత తంటా ఎందుకనుకుంటే, అసలేమీ నేర్పకండి. తక్కువ తెలిసినవాళ్ళు తమను తాము ఎక్కువగా అంచనా వేసుకుంటారని మనస్తత్వవేత్తలు డన్నింగ్, క్రూగర్ 1999లోనే చూపించారు. పాఠం ఎగ్గొట్టి గ్రూప్ ఫొటో తీయించండి.

6. నెల తర్వాత స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకి వెళ్ళి, ఎవరు ఎంతసేపు మాట్లాడారో, ఎవరు నోరే విప్పలేదో పొరపాటున కూడా చూడకండి. ఎవరైనా నిలదీస్తే "ఆ రోజు ఎన్నికల డ్యూటీ" అనండి.

7. సగటు 2.1 నుంచి 4.6కి పెరిగిందని రాసేయండి. చుక్క తర్వాత అంకె ఉంటే ఎవరూ కూడి చూడరు. ఉత్సాహం ఆగక 5.2 మాత్రం వేయకండి. ఫారంలో ఉన్నవి ఐదు గడులే.