స్టూడియో బాబాయి

దర్శి, పొదిలి, మార్కాపురం... ఏ ఊళ్లో దిగినా ఒక పాత ఫొటో స్టూడియో, అందులో ఒక బాబాయి ఉంటాడు. బతుకంతా చేతిలో ఉన్నది నికాన్ ఎఫ్ఎం10, నోట్లో ఉన్నది ఎఫ్5. రెండోదాన్ని చూసింది కేటలాగులోనే.

దర్శి బాబాయి దగ్గర పాస్‌పోర్టు ఫొటో దిగామంటే, ప్రింటు చేతికొచ్చేలోపు పురాణం మొదలు. "ఎఫ్5 సెకనుకి ఎనిమిది ఫొటోలు లాగుద్దబ్బాయ్! మనది బొటనవేలితో లివరు తిప్పితే ఒకటి." 1996లో అది గొప్పే, కాదనను. కానీ ఆ లెక్కన 36 ఫొటోల రీలు నాలుగున్నర సెకన్లలో హుష్‌కాకి. పెళ్లికి మూడే రీళ్లని బేరమాడిన ఆడపెళ్లివారికి, జీలకర్ర బెల్లం దగ్గరే రీళ్లు అయిపోయాయని ఎవరు చెప్పాలి?

వ్యూఫైండరు దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. ఎఫ్5లో ఎంత కనపడితే అంతే పడుతుంది, నూటికి నూరు. ఎఫ్ఎం10లో కనపడేది 92 శాతమే, మిగతాది చెప్పాపెట్టకుండా ఫిల్ము మీదకొచ్చి కూర్చుంటుంది. "ఆ అంచుల్లోనే మా కొంప మునిగేది." అరుంధతీ నక్షత్రం చూపిస్తుంటే మూలన ఎవరిదో సాంబారు బకెట్టు పట్టుకున్న మోచెయ్యి! నిజానికి ల్యాబువాళ్లు ప్రింటు వేసేటప్పుడు అంచులు కాస్త కోసేసేవారు కాబట్టి ఆ మోచేతుల్లో చాలావాటికి ఆల్బం యోగం పట్టలేదు. ఈ మాటంటే బాబాయికి గిట్టదు. ఎఫ్ఎం10ని నికాన్ పేరుతో తయారుచేసింది కోసినా కంపెనీ అన్నా అంతే, వినపడనట్టే ఉంటాడు.

పాపం, ఆ ఎఫ్ఎం10లో బ్యాటరీలు మీటరు కోసమే. అవి చచ్చినా షట్టరు పడుతుంది. ఎఫ్5కి ఎనిమిది పెన్సిల్ సెల్లులు తినిపించాలి, అవి కాకుండానే కిలో రెండొందల గ్రాముల బరువు. అర్ధరాత్రి ముహూర్తానికి కురిచేడు అవతలి పల్లెలో సెల్లులమ్మే కొట్టు ఎవడు తెరుస్తాడు? అయినా పొరుగింటి పుల్లకూరే రుచి.

"పాత ఎఫ్5లు ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయి బాబాయ్, ఒకటి తెప్పించనా?" అన్నాను మొన్న.

కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నా వంక జాలిగా చూశాడు. "ఎనిమిది సెల్లులు మింగే బండి ఇప్పుడెందుకబ్బాయ్? 2004లోనే ఎఫ్6 వచ్చింది. రెండే బ్యాటరీలు!"