చేతికట్టెకు కొన్ని ఉల్టా చిట్కాలు

బడిలో సైన్స్ ఫెయిర్ అనగానే అచ్చంపేట పిల్లలకైనా, అమెరికా పిల్లలకైనా ముందు తట్టేది చూపు తగ్గిన తాతకు స్మార్ట్ కట్టె. చేయండి, తప్పకుండా చేయండి. కాకపోతే నేను చెప్పేవి మీరు ఇప్పటిదాకా విన్నవాటికి ఉల్టాగా ఉంటాయి.

ముందు కట్టె పని ఆపి తాతను కంటి దవాఖానకు తోలుకపోండి. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 దాకా జరిపిన పెద్ద కంటి సర్వేలో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఉంది. అంధత్వానికి మొదటి కారణం మోతిబిందు అని, రెండోది అద్దాలతో సరిపోయే దృష్టి లోపమని అందులో తేలింది. ఆపరేషన్‌తోనో అద్దాలతోనో తిరిగొచ్చే చూపుకు కట్టె ఇచ్చి సరిపెట్టడం అన్యాయం. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో పేద వృద్ధులకు చేతికర్రతో పాటు కళ్లద్దాలు కూడా ఇస్తారు. రెండూ అడగండి. ఇంకో మాట, పైన దూరపు చూపు, కింద దగ్గరి చూపు ఉన్న అద్దాలతో మెట్లు దిగితే మెట్టు అంచు మసకబారుతుంది. నడకకు దూరపు చూపు జత వేరే ఉండాలి.

ఇప్పుడు కట్టెకు వద్దాం. సెన్సర్ పీకేయండి. మీకు కోపం రావచ్చు, అయినా వినండి. అల్ట్రాసోనిక్ సెన్సర్ ఎదురుగా ఉన్న గోడను, ఆగి ఉన్న ఆటోను చెబుతుంది. చూపు మసకైన ముసలివాళ్లకు గోడ కనబడుతూనే ఉంటుంది. కనబడనిది కాలి కింది పల్లం: సీసీ రోడ్డు అంచు, మూత లేని మోరీ, అరుగు చివర. ఐఐటీ ఢిల్లీ వాళ్లు 2014లో తెచ్చిన స్మార్ట్‌కేన్ మంచి పరికరం. అది మోకాలి పైన తగిలేవాటిని కనిపెట్టి పిడిని వణికిస్తుంది. నేలను చూసుకునే పని మాత్రం దాని కింద బిగించిన తెల్లకర్రదే. ఆ తెల్లకర్ర తడుముతూ పోవడానికి చేసింది, దాని మీద ఒంటి బరువు మోపితే వంగిపోతుంది. మన తాతకు ఆనుకోవడానికీ తడుముకోవడానికీ ఒకే కట్టె కావాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

నాలుగు కాళ్ల కట్టె నిలకడగా ఉంటుందంటారు. దవాఖాన గచ్చు మీద నిజమే. మన వాకిట్లో మూడు కాళ్లు ఆని నాలుగోది గాలిలో తేలుతుంది, గడపకు తట్టుకుంటుంది. ఒక్క కాలే పెట్టండి. మడిచే కట్టె కూడా వద్దు, అతుకులు వదులైతే నేల కబురు మధ్యలోనే ఆగిపోతుంది. నల్లమలలో దొరికే గట్టి వెదురు, లోపల బోలు లేనిది, ఒకే ముక్క తీసుకోండి. పిడికి స్పాంజి చుట్టకండి. మెత్తగా ఉంటే చేతికి హాయే, కానీ చూపు తగ్గినవాళ్లు అరచేత్తోనే వింటారు. కొన దిగితే మట్టి, తడితే రాయి, ఏమీ తగలకపోతే మోరీ. ఆ తేడా అరచేతికి అందాలంటే పిడి నున్నటి చెక్కతోనే చేయాలి.

కొనకు ఇనుప పొన్ను వేస్తే చప్పుడు బాగా వస్తుంది గానీ తడిసిన శాబాదు బండ మీద జారుతుంది. ఇక్కడ చప్పుడును కొంత వదులుకుని రబ్బరు బుష్ వేయాల్సిందే.

కొలత తీసేటప్పుడు తాతను నిటారుగా నిలబెట్టకండి. రోజూ ఎంత వంగి నడుస్తాడో అంతే వంగి, రోజూ వేసుకునే చెప్పులతో నిలబడి, చేయి వదులుగా వేలాడేయాలి. మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. ఫ్లోరైడ్‌తో నడుము బిగుసుకుపోయిన నల్గొండ పల్లెల పెద్దలకు దుకాణం కొలత ఎట్లా సరిపోతుంది? ఇక కుడి మోకాలు నొప్పైతే కట్టె ఎడమ చేతికి ఇవ్వండి. కుడి కాలు, ఎడమ చేతి కట్టె కలిసి ముందుకు పడితే మోకాలి మీద భారం తగ్గుతుంది.

రంగు విషయంలో ఒక్క తెలుపు చాలదు. బ్రిస్టల్‌లో చూపు పోయిన జేమ్స్ బిగ్స్ 1921లో తన కర్రకు తెల్లరంగు వేసుకున్నది బండ్లవాళ్లకు తాను కనబడాలని. మన తాతకు తన కట్టె కొన తనకే కనబడాలి. కింది జానెడు మేర నలుపు, పసుపు పట్టీలు వేయండి. తెల్ల టైల్స్ మీద నలుపు, నల్లబండ మీద పసుపు తేలుతుంది. పిడికి వదులుగా నవారు ముక్క కట్టండి. కట్టె జారిపడితే వెతకడానికి వంగినప్పుడే చాలామంది తూలిపడతారు.

డబ్బాలో పసుపు రంగు ఇంకా మిగులుతుంది. గడపకు ఎట్లాగూ పసుపు ఉంటుంది, దాని బయట దిగే మెట్టు అంచుకే ఏమీ ఉండదు. ఆ అంచుకు, మోరీ గట్టుకు బెత్తెడు వెడల్పున గీయండి. ప్రదర్శనలో పెట్టే ముందు తాతను పొద్దు గూకే వేళ ఇంటి నుంచి వీధి మలుపు దాకా నడవనివ్వండి, ఆయన వద్దన్నవన్నీ తీసేయండి. బుష్‌లు రెండు అదనంగా కొని పెట్టుకోండి, అడుగు గీతలు అరిగి నున్నగా అయిన రోజే మార్చాలి.