ముసలితనానికి మందు కావాలా? ముందు పార్టీ పెట్టండి

జర్మనీలో మతిమరుపు జబ్బు మీదో, వయసు మీదపడిన గుండె మీదో పరిశోధనకు డబ్బు కావలసినవాళ్లు బాన్‌లోని పరిశోధన నిధుల సంస్థ డీఎఫ్‌జీకి దరఖాస్తు పెట్టి, తోటి శాస్త్రవేత్తలు దాన్ని చీల్చి చెండాడేదాకా నెలల తరబడి ఎదురుచూస్తుంటారు. అంత ఓపిక దండగ. ఒక రాజకీయ పార్టీ పెట్టండి.

ఇది నా సొంత తెలివేమీ కాదు. 2015లో బెర్లిన్‌లో ‘ఆరోగ్య పరిశోధన పార్టీ’ పుట్టింది. దాన్ని నడిపించినాయన ఫెలిక్స్ వెర్త్ అనే బయోకెమిస్ట్. వాళ్ల కోరిక ఒక్కటే: వయసుతో వచ్చే జబ్బుల పరిశోధనకు ప్రభుత్వ బడ్జెట్‌లో అదనంగా ఒక శాతం ఇవ్వాలి. 2024లో జర్మనీ కేంద్ర బడ్జెట్ సుమారు 477 బిలియన్ యూరోలు. అందులో ఒక శాతమంటే, సాహిత్యం మొదలు భౌతికశాస్త్రం దాకా అన్నిటికీ కలిపి డీఎఫ్‌జీ ఏడాదికి పెట్టే ఖర్చు కంటే ఎక్కువే.

ఈ లెక్క మాత్రం ఓటరుకు చెప్పకండి. చెబితే అర్థమైపోయే ప్రమాదం ఉంది. దాని బదులు ‘800 ఏళ్ల తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?’ అని అడగండి. బెర్లిన్ వీధుల్లో ఈ పార్టీ నిజంగానే ఆ ప్రశ్నతో పోస్టర్లు పెట్టింది. వచ్చే నెలకు అద్దె ఇల్లు దొరికితే చాలని తిరిగే ఊళ్లో అంతకంటే సమయోచితమైన ప్రశ్న ఉండదు.

పెద్దవాళ్లు పింఛను మాట ఎత్తుతారు. వాళ్ల తప్పేం లేదు. రిటైర్మెంట్ వయసు 67 వైపు పాకుతోంది, పింఛన్లకే కేంద్ర ఖజానా ఏటా వంద బిలియన్ యూరోలకు పైగా పోస్తోంది. ‘800 ఏళ్లు బతికితే రిటైరయ్యేదెప్పుడు నాయనా?’ అంటే ‘730కి’ అని ధైర్యంగా చెప్పండి. అద్దెలూ బడులూ రైళ్లూ మీకు పట్టవు, అవన్నీ కూటమిలో అవతలి పార్టీ చూసుకుంటుంది.

కూటమి దాకా వెళ్లాలంటే 5 శాతం ఓట్లు కావాలనుకోండి. 2017లో బుండెస్టాగ్, అంటే జర్మన్ పార్లమెంటు ఎన్నికల్లో వీళ్లకు వచ్చింది 0.1. పార్టీకి సర్కారు సాయం అందాలన్నా అలాంటి ఎన్నికల్లో కనీసం 0.5 దాటాలి. పరిశోధనకు డబ్బు అడగడానికి పుట్టిన పార్టీకి తన డబ్బు తనే వెతుక్కునే గతి పట్టిందన్నమాట. పోటీకి ముందు సంతకాలు పోగుచేసే పని ఒకటి, ఒక్కో రాష్ట్రంలో 2000 దాకా. అట్ట పట్టుకుని వీధి మొగలో నిలబడే ఆ కార్యకర్తల మీద నాకు గౌరవమే. అడిగిన విషయం సబబైనదే కదా.

ఓట్లు రాకపోతే స్వరం తగ్గించకండి, పేరు మార్చి పెంచండి. 2024 యూరోపియన్ ఎన్నికలకు అదే పార్టీ ‘పునర్యౌవన పరిశోధన’ పేరుతో దిగింది. యయాతి యౌవనం కోసం కన్నకొడుకుల్ని అడిగాడు. మీరు పన్ను కట్టేవాళ్లను అడుగుతున్నారు, అంతే తేడా.

ఒక్క జాగ్రత్త. బాన్‌లోనే 2009లో నరాల క్షీణత జబ్బుల పరిశోధన కేంద్రం వెలిసిందనీ, దాని ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తోందనీ, అందుకోసం ఎవరూ అమరత్వం హామీ ఇవ్వలేదనీ కార్యకర్తలకు తెలియనివ్వకండి. అలాంటి చోట ఎలుకల మీద ఫలితాలేవని అడుగుతారు. పార్టీలో ఆ బెడద లేదు. ఎన్నికల రోజు సాయంత్రం ఆరింటికల్లా టీవీలో అంచనాలు వచ్చేస్తాయి. మీ పేరు కనిపించదు. ‘ఇతరులు’ అనే గీతలో వెతుక్కోండి.