గెలిచిన కప్పుకు పంచనామా

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ జూన్‌లో అయిపోతాయని అక్కడి క్యాలెండర్లు చెబుతాయి. నమ్మకండి. జూన్‌లో అయిపోయేది ఆట ఒక్కటే. ఎవరు గెలిచారన్నది తేలేది ఆ తరవాత, అభిమానుల దగ్గర. ముప్పై జట్లు ఒక్కోటీ 82 మ్యాచ్‌లు ఆడాలి. ఆ మీదట పదహారు జట్లతో ప్లేఆఫ్స్, నాలుగు రౌండ్లు. రౌండుకు ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు గెలవాలి. అంటే కప్పు కొట్టే జట్టు ప్లేఆఫ్స్‌లోనే పదహారు మ్యాచ్‌లు నెగ్గాలి. ఇంతా చేస్తే దక్కేది ఒక బంగారు రంగు ట్రోఫీ, వేళ్లకు రవ్వల ఉంగరాలు, మిగతా 29 జట్ల అభిమానులు సంతకాలు పెట్టిన అభ్యంతర పత్రం.

2025 సంగతే చూడండి. ఓక్లహోమా సిటీ థండర్ ఆ సీజన్లో 68 గెలిచి 14 ఓడింది. ఫైనల్స్‌లో ఇండియానా పేసర్స్ వాళ్లను ఏడో మ్యాచ్ దాకా లాక్కెళ్లింది. జూన్ 22 రాత్రి ఆ ఏడో మ్యాచ్. ఇండియానా పాయింట్ గార్డ్ టైరీస్ హాలిబర్టన్ అప్పటికే పిక్క పట్టేసిన కాలితో ఆడుతున్నాడు. అయినా మొదటి క్వార్టర్‌లోనే మూడు త్రీ పాయింటర్లు వేశాడు. తరవాత బంతి అందుకుని ముందుకు ఉరకబోయాడు. ఎవరూ తగల్లేదు, ఎవరూ తోయలేదు. తనంతట తనే కుప్పకూలి, అరచేత్తో నేలను కొట్టుకున్నాడు. కుడి మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు తెగింది. అతను లేకుండానే ఇండియానా హాఫ్‌టైమ్‌కి 48-47తో ముందుంది. చివరికి 103-91తో ఓక్లహోమా గెలిచింది.

ట్రోఫీ చేతులు మారకముందే పంచనామా మొదలైంది. ‘హాలిబర్టన్ ఉంటే కథ వేరేగా ఉండేది’ అన్నది అందులో మొదటి వాక్యం. ఉండేదేమో. కానీ అదే ఏడాది ఏప్రిల్‌లో ‘ది అథ్లెటిక్’ ఆటగాళ్ల మధ్య పోల్ పెట్టి, ఉన్నదానికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్నవాడెవరని అడిగితే అందరికన్నా ఎక్కువ ఓట్లు పడింది ఈ హాలిబర్టన్‌కే. అప్పుడు ‘కరెక్టుగా చెప్పారు’ అని చప్పట్లు కొట్టినవాళ్లే జూన్‌కల్లా అతను లేని ఫైనల్ చెల్లదన్నారు. ఆడుతున్నన్నాళ్లూ అతనికి పేరెక్కువ, ఆట తక్కువ. పడిపోయాక మాత్రం ఆయనే అవతారపురుషుడు. ఈ లీగులో ఆటగాడి విలువ పెంచే మందు స్ట్రెచర్ ఒక్కటే.

అభ్యంతరాలు అక్కడితో ఆగుతాయా? ఓక్లహోమా హీరో షై గిల్జస్ అలెగ్జాండర్ ఆ ఏడాది ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు. ఫైనల్స్ ఎంవీపీ కూడా. దానికీ జవాబు సిద్ధం. ‘ఫ్రీ త్రోల వ్యాపారి’ అన్నారు, రిఫరీల దయతో బతుకుతున్నాడన్నారు. ఇక ఊరి తగాదా ఉండనే ఉంది. ఈ ఫ్రాంచైజీ 2008 దాకా సియాటిల్‌లో సూపర్‌సోనిక్స్ పేరుతో ఆడి, 1979లో అక్కడే ఒక కప్పు గెలిచింది. లీగ్ రికార్డు పుస్తకం ప్రకారం 2025లో వచ్చింది రెండో కప్పు. ఓక్లహోమా వీధుల్లో ఊరేగింది మాత్రం మొదటి కప్పు. సియాటిల్ వాళ్లకు రెండు లెక్కలూ ఒప్పుకోబుద్ధి కాదు.

పాత కప్పులేమైనా ఈ పరీక్షకు నిలుస్తాయేమోనని వెనక్కి వెళ్లి చూద్దాం. 2019లో టొరంటో గెలిచింది. చెల్లదు. ఫైనల్స్‌లో ఎదురుపడ్డ వారియర్స్ తరఫున కెవిన్ డురాంట్ ఐదో మ్యాచ్‌లోనూ, క్లే థాంప్సన్ ఆరో మ్యాచ్‌లోనూ గాయపడ్డారు. 2020లో లేకర్స్. అసలే చెల్లదు. కరోనా రోజుల్లో ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌లో ప్రేక్షకుల్లేకుండా ఆడారు గనక అది మిక్కీ మౌస్ కప్పు. 2022లో వారియర్స్. దారిలో మెంఫిస్ జట్టు జా మొరాంట్ మోకాలు దెబ్బతింది కాబట్టి కొంత కోత. 2023లో డెన్వర్. ఫైనల్స్‌లో ఎదురొచ్చిన మయామీ ఎనిమిదో సీడ్ కాబట్టి సగం కోత. 2024లో బోస్టన్. ఫైనల్స్‌కి ముందు ప్రతి రౌండులోనూ ఎదుటి జట్టు స్టార్ ఎవరో ఒకరు కోటు వేసుకుని బెంచీ మీద కూర్చున్నారు కాబట్టి మూడొంతులు కోత.

కావాలనే 2021ని వదిలాను. ఆ ఏడాది గెలిచింది మిల్వాకీ బక్స్. ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో యానిస్ 50 పాయింట్లు కొట్టాడు. అభిమానులకు ఆ 50 గుర్తుండదు, ఒక బూటు గుర్తుంటుంది. అంతకుముందు బ్రూక్లిన్‌తో రెండో రౌండ్ ఏడో మ్యాచ్. ఆఖరి సెకన్లలో బ్రూక్లిన్ రెండు పాయింట్లు వెనకబడి ఉంది. అప్పటికి బ్రూక్లిన్‌కి మారిన డురాంట్ గిర్రున తిరిగి, గాల్లోకి లేచి బంతి వేశాడు. అది వలలో పడింది. మూడు పాయింట్లయితే ఆట అక్కడే బ్రూక్లిన్‌ది. వీడియో ఆపి చూస్తే బూటు కొన త్రీ పాయింట్ గీత మీద ఉంది. రెండే పాయింట్లు, స్కోరు సమం, ఓవర్‌టైమ్. అందులో మిల్వాకీ నెగ్గింది. ఆ బొటనవేలు మీద నడిచినన్ని వాదనలు మిల్వాకీ గెలిచిన మిగతా మ్యాచ్‌లన్నిటి మీదా కలిపి నడవలేదు. రెండు సైజులు చిన్న బూటు తొడుక్కుని ఉంటే చరిత్రే మారేదని ఇప్పటికీ లెక్కలు వేసేవాళ్లున్నారు.

ఇవి చిల్లర కోతలు. టోకు వ్యాపారం చూడాలంటే బోస్టన్, లాస్ ఏంజెలిస్ వెళ్లాలి. 2024తో బోస్టన్ సెల్టిక్స్ కప్పులు 18. లేకర్స్‌వి 17. ఒక్కటే తేడా కదా అనుకుంటారు. లేకర్స్ అభిమాని ముందు బోస్టన్ లెక్క విప్పుతాడు. బిల్ రసెల్ కాలంలో, 1957 నుంచి 1969 దాకా గెలిచిన 11 కప్పులూ కొట్టేస్తాడు. లీగ్ మొత్తంలో చాలా ఏళ్లు ఎనిమిది తొమ్మిది జట్లే ఉన్న రోజుల్లో ప్లంబర్ల మీదా ఫైరింజన్ వాళ్ల మీదా గెలవడం గొప్పా అంటాడు. మిగిలినవి ఏడు. బోస్టన్ వాడు ఊరుకుంటాడా? లేకర్స్ 1960 దాకా ఉన్నది లాస్ ఏంజెలిస్‌లో కాదు, మినియాపొలిస్‌లో. అక్కడి కప్పులు ఐదు తీసేయ్ అంటాడు. 2002లో శాక్రమెంటో మీద ఆరో మ్యాచ్ నాలుగో క్వార్టర్లో లేకర్స్‌కి 27 ఫ్రీ త్రోలు ఇచ్చారు, అదొకటి తీసేయ్. 2010 ఏడో మ్యాచ్‌కి మా పెర్కిన్స్ మోకాలు బాగాలేదు, అదొకటి తీసేయ్. 2020 మిక్కీ మౌస్ సంగతి చెప్పేదేముంది. మిగిలినవి తొమ్మిది. డెబ్బై ఏళ్ల పైచిలుకు చరిత్రలో 35 కప్పులు గెలిచిన ఈ రెండు జట్లకూ ఒక్క రాత్రి వాదనలో 16 మిగిలాయి. ఇంకో గంట కూర్చుంటే లీగుకే బాకీ పడేవి.

ఆడని మనిషి కూడా ఈ లెక్కల్లో ఆడతాడు. 1994, 1995ల్లో హ్యూస్టన్ రాకెట్స్ వరసగా రెండు కప్పులు గెలిచింది. జోర్డాన్ బేస్‌బాల్ ఆడుకోవడానికి వెళ్లాడు కాబట్టి అవి ఖాళీ ఇంట్లో దొరికిన కప్పులని ప్రచారం. నిజానికి 1995 మార్చికల్లా జోర్డాన్ తిరిగొచ్చాడు. ప్లేఆఫ్స్ ఆడాడు. రెండో రౌండులో ఓర్లాండో చేతిలో ఓడాడు. ఈ మాట అంటే భక్తుడు తడుముకోడు. ‘వచ్చినప్పుడు వేసుకున్నది 45 నంబరు జెర్సీ, అది జోర్డాన్ కిందికి రాదు’ అంటాడు. మొదటి మ్యాచ్ ఓడాక మళ్లీ 23 వేసుకునే ఆ సిరీస్ ఓడాడని గుర్తుచేస్తే, మీకు బాస్కెట్‌బాల్ తెలియదంటాడు. ఉంగరాలే కొలమానం, జోర్డాన్‌కి ఆరు, లెబ్రాన్‌కి నాలుగు, మాట్లాడకు అన్నది కూడా ఆయనే. మరి రాబర్ట్ హోరీకి ఏడున్నాయి కదండీ అంటే, కొలమానం ఆ పూటకు మూలన పడుతుంది.

జరిగిపోయిన దాన్ని ఇంత గట్టిగా అనుమానించే ఈ మనుషులే జరగబోయే దాన్ని పసిపిల్లల్లా నమ్ముతారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఎన్‌బీఏలో ఆ సోమలింగానికి డ్రాఫ్ట్ పిక్ అని పేరు, అంటే కొత్త కుర్రాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు. ఏళ్ల తరవాతి డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ పిక్ చేతిలో ఉందంటే, ఆ కుర్రాడు ఇంకా బడిసంచీ మోస్తుండగానే అతనికి ఆల్‌స్టార్ హోదా ఇచ్చేస్తారు. ఈ పిచ్చికి ఆధారం లేకపోలేదు. 2013లో బ్రూక్లిన్ ముసలి స్టార్ల కోసం బోస్టన్‌కి ఇచ్చేసిన పిక్స్ నుంచే జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ పుట్టుకొచ్చారు. 2019లో పాల్ జార్జ్ కోసం క్లిప్పర్స్ వదిలేసిన సరుకులో షై ఉన్నాడు, తరవాత జేలెన్ విలియమ్స్‌గా మారిన పిక్ కూడా ఉంది. 2025 కప్పుకు పునాది అదే. ఇద్దరికి లాటరీ తగిలింది కాబట్టి మిగతా జట్ల అభిమానులు టిక్కెట్లు కొంటూనే ఉన్నారు.

నమ్మకంలో పీహెచ్‌డీ చేసింది మాత్రం ఫిలడెల్ఫియా. 2013 నుంచి అక్కడి మేనేజర్ శామ్ హింకీ ఓడిపోవడాన్నే పథకంగా పెట్టాడు. మూడు సీజన్లలో జట్టు గెలిచినవి 19, 18, 10. అభిమానులు మేనేజర్ మీద రాళ్లు వేశారనుకుంటున్నారా? ‘ప్రాసెస్‌ను నమ్మండి’ అని నినాదం కట్టి టీషర్టులు వేసుకున్నారు. ఫలితం ఏమిటంటే, 2025 దాకా ఆ జట్టు రెండో రౌండ్ దాటలేదు. దానికి పూర్తి వ్యతిరేకం న్యూయార్క్ నిక్స్. 1973లో కప్పు గెలిచాక అర్ధశతాబ్దం ఎదురుచూసిన ఊరు. 2025లో కోచ్ టామ్ థిబొడో ఆ జట్టును పాతికేళ్లలో మొదటిసారి కాన్ఫరెన్స్ ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు. జనం మాడిసన్ స్క్వేర్ గార్డెన్ బయట స్తంభాలెక్కి గంతులేశారు. వాళ్లు దిగి ఇంటికెళ్లిన కొద్ది రోజులకే కోచ్‌ను తీసేశారు. ఓడించినవాడికి టీషర్టు, గెలిపించినవాడికి ఉద్వాసన.

మన తెలుగువాళ్లు ఈ జాతరలో తప్పిపోకుండా ఉంటారా? అర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో పేటల్లో కాపురముంటున్న తెలుగు ఇళ్లకు డాలస్ మావరిక్స్ ఇంటి జట్టు. 2025 ఫిబ్రవరి మొదట్లో ఒక అర్ధరాత్రి ఆ జట్టు మేనేజర్ నికో హారిసన్, పాతికేళ్ల లుకా డోన్చిచ్‌ను లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చాడు. ఎనిమిది నెలల క్రితమే జట్టును ఫైనల్స్‌కి తీసుకెళ్లిన కుర్రాడు. అరీనాలో నెలల తరబడి ‘నికోను తీసేయండి’ అన్న నినాదం మోగింది. లీగంతా లేకర్స్ కోసమే నడుస్తోందని, అంతా రిగ్గింగేనని డాలస్ తేల్చేసింది. మే 12న, మొదటి పిక్ ఎవరిదో తేల్చే డ్రాఫ్ట్ లాటరీ జరిగింది. పద్నాలుగు బంతులు, నాలుగు తీస్తే వెయ్యిన్నొక్క కలయికలు. అందులో డాలస్ వాటా పద్దెనిమిది, అంటే 1.8 శాతం. తగిలింది. కూపర్ ఫ్లాగ్ అనే ఆణిముత్యం వాళ్లకు దక్కాడు. అంతే, డాలస్‌లో రిగ్గింగ్ అన్న మాట మాయమైంది. మిగతా 29 జట్ల ఊళ్లలో మొదలైంది. నికో ఉద్యోగం మాత్రం నవంబరులో పోయింది.

ఫ్రిస్కోలో ఒక బావా, శాన్‌హోసే నుంచి వచ్చిన బామ్మర్దీ ఈ విషయం మాట్లాడుకుంటే ఇలా ఉంటుంది.

“లుకా ఎక్కడున్నా నా వాడేరా. వాడు నలభై కొట్టాలి, లేకర్స్ ఓడాలి.”

“అదెలా కుదురుతుంది బావా? వాడు నలభై కొడితే లేకర్స్ గెలవరూ?”

“నలభై కొట్టి ఓడిపోతే రెండూ కుదిరినట్టేగా. మీ వారియర్స్‌లో కర్రీ ఎన్నిసార్లు కొట్టి ఓడలేదు!”

“మాకు నాలుగున్నాయి బావా. 2015, 2017, 2018, 2022.”

“2015లో అవతల కైరీ లేడు, లవ్ లేడు. 2017, 2018 డురాంట్‌ను తెచ్చుకుని కొన్న కప్పులు. మీది ఒకటి, మాది 2011లో ఒకటి. సమానం.”

అక్క ఉప్మా తెచ్చిపెట్టేవేళకి ఇద్దరూ ఒక్క విషయంలో రాజీపడ్డారు. లేకర్స్‌కి రిఫరీలు ఫౌల్స్ ఎక్కువిస్తారు.

ఇంతకీ పంచనామా తేల్చిందేమిటంటే, 2019 నుంచి 2025 దాకా ఏడు సీజన్లలో ఏడు వేర్వేరు జట్లు కప్పు గెలిచాయి. జీతాల పరిమితులు బిగించి, దాటితే పడే జరిమానాలు పెంచి అందరికీ అవకాశం రావాలని లీగ్ కోరుకుంది, వచ్చింది. అభిమానులు మాత్రం ఏడింటినీ కొట్టేశారు. గాయాలు లేని సీజను, రిఫరీ తప్పులు లేని మ్యాచ్, తేలికైన దారి దొరకని జట్టు ఎక్కడా ఉండవు. అవన్నీ దాటుకుని ఆ రాత్రి కోర్టు మీద ఎక్కువ పాయింట్లు వేసినవాళ్ల పేరే ట్రోఫీ మీద చెక్కుతారు. దాని పక్కన ‘కానీ’ అని చెక్కడానికి చోటు లేదు.

కాబట్టి అభిమాన మహాశయులకు ఒక మనవి. వచ్చే జూన్‌లో మీ జట్టు గెలిస్తే ఆ రాత్రే పండగ చేసేసుకోండి, తెల్లారితే కోతల వాళ్లు వచ్చేస్తారు. ఓడితే బెంగ పెట్టుకోకండి. గెలిచిన కప్పుకే కోతలు, వచ్చే ఏడాది గెలవబోయే కప్పుకు ఇంతవరకూ ఎవరూ కోత పెట్టలేకపోయారు.