గోడ అవతలి అన్నయ్యగారికి



పొద్దున వదినగారు పెరట్లో పారిజాతాలు ఏరుతుంటే చూశాను. మోకాలి నొప్పి తగ్గినట్టుంది, మునుపటికన్నా బాగానే వంగగలుగుతున్నారు. చూసి సంతోషం వేసింది.

ఈ ఉత్తరంలో మాటలన్నీ మీ వసారాలో కూర్చుని చెప్పవలసినవి. నాలుగేళ్లుగా చెబుదామనుకుంటూనే ఉన్నాను. అందుకోసమే బయల్దేరి మీ గేటు దాకా వచ్చిన రోజులున్నాయి. వదినగారు ఎదురొచ్చి కాఫీ ఇస్తారు, నాన్న ఎలా ఉన్నారమ్మా అని మీరు అడుగుతారు, ఆ ఆదరణ ముందు నా మాట గొంతులోనే ఉండిపోతుంది. అందుకని కాగితం పట్టుకున్నాను. మీ పేరు రాయను, ఇంటి నంబరూ రాయను. పదిమందీ చదివేచోట రాస్తున్నది మిమ్మల్ని పదిమందిలో నిలబెట్టడానికి కాదు. మా బ్రాడీపేటలో ఏ లైనులోకి వెళ్లినా మూడడుగుల సందుకి అటొక కుటుంబం, ఇటొక కుటుంబం. చాలా సందుల్లో ఒక మోటారు. చెప్పలేక నాలాగే దిగమింగుకుంటున్నవాళ్లు గుంటూరు నిండా ఉంటారు.

నేను చెప్పేది మీ బోరు మోటారు గురించి.

అది తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలవుతుంది. ముందు స్విచ్చి పడిన టక్కుమనే చప్పుడు, తర్వాత బెల్టు కీచుమని జారడం, ఆ వెనక కంప్రెసర్ దడదడ. మీది పాత పద్ధతి గాలి మోటారు. బోరులోకి గాలిని తోసి, ఆ గాలి బలంతో నీళ్లను పైకి తెస్తుంది. నీళ్లలో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారైతే మోత అంతా నేలలోనే అణిగిపోతుంది. ఇది మాత్రం పైనే, సిమెంటు దిమ్మ మీద, నట్లు బిగించి, మా గోడకి జానెడు దూరంలో ఉంది. దిమ్మ అదురు పునాదిలోకి దిగి, పునాదిలోంచి గోడలోకి పాకుతుంది. సన్నటి కీచు శబ్దాన్ని గోడ చాలావరకు ఆపుతుంది, బొంగురు శబ్దాన్ని అంతగా ఆపలేదు. కిటికీలు మూసి చూశాను, చెవుల్లో దూది పెట్టుకుని చూశాను. మంచం కోడు మీద చెయ్యి వేస్తే ఆ అదురు చేతికి తెలుస్తుంది. ఆ గోడకి ఇవతల ఉన్నది మా నాన్న మంచం.

మోటారు వేసి మీరు మళ్లీ నడుం వాలుస్తారు. మీ పడకగదులు వీధివైపు కాబట్టి మీకు అది దూరపు రొదలా వినిపిస్తుందేమో. నలభై నిమిషాలకి ట్యాంకు నిండుతుంది. నిండిన తర్వాత నీళ్లు వెనక వసారా రేకుల మీద పడతాయి. మీకు మెలకువ వచ్చి ఎవరో ఒకరు స్విచ్చి తీసేదాకా అలా పడుతూనే ఉంటాయి, కొన్ని రోజులు అరగంట, కొన్ని రోజులు ముప్పావుగంట. ఎండాకాలంలో బిందెడు నీళ్ల విలువేమిటో మీకు నేను చెప్పాలా? ఒకప్పుడు మీరూ నేనూ ఇదే వీధిలో ట్యాంకరు దగ్గర వరసలో నిలబడ్డవాళ్లమే.

నాన్నకి పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పూర్తిగా స్వాధీనంలో లేవు. మాట వస్తుంది కానీ గొంతు పీలగా ఉంటుంది. కిందటి శ్రావణంలో ఒకరోజు తెల్లవారుజామున, నన్ను లేపడం ఎందుకని ఆయనే బాత్రూముకి బయల్దేరి గుమ్మం దగ్గర పడిపోయారు. నన్ను పిలిచారు. నేను పక్కగదిలోనే ఉన్నాను. నిద్రలో కూడా లేను. మోటారు మొదలైతే నాకు మళ్లీ కన్ను అంటుకోదు, అలా పైకప్పు చూస్తూ పడుకుంటాను. ఆయన పిలుస్తున్నారు, నేను మేలుకునే ఉన్నాను, మధ్యలో మోటారు. అది ఆగాక గానీ ఆ పీల గొంతు నాకు అందలేదు. వెళ్లేసరికి నేల మీద ఒక పక్కకి ఒరిగి ఉన్నారు. "పిలిచానమ్మా" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటని నేను ఈనాటికీ మోస్తున్నాను.

తర్వాత జరిగింది మీకు తెలుసు. నేను మీ గేటు బాదాను. కట్టుకున్న లుంగీతోనే కారు తీశారు. ఆసుపత్రిలో స్ట్రెచర్ కోసం ఎవరూ కదలకపోతే మీరే వెళ్లి తోసుకొచ్చారు. తుంటి ఎముక విరగలేదని డాక్టరు చెప్పేదాకా వదినగారు నా చెయ్యి వదల్లేదు. ఆ రోజు మీరు చేసింది సొంత అన్న చేసేదానికి తక్కువ కాదు. ఆ తర్వాత మీ మోటారు గురించి నేనెలా నోరు విప్పను? పడిపోయినప్పుడు ఆదుకున్న మనిషికి, ఆ పిలుపు నాకు వినపడకుండా చేసింది మీ మోటారేనని ఎలా చెప్పను? కానీ ఏడాదిగా ఆలోచిస్తుంటే నాకు అనిపిస్తున్నది ఇది. ఆ పిలుపు మీ చెవిన పడి ఉంటే మీరు గోడ దూకైనా వచ్చేవారు. మీకూ వినపడలేదు. నాకు అడ్డం వచ్చినట్టే ఆ మోత మీకూ అడ్డం వచ్చింది. ఈ సంగతి మీకు తెలియకుండా దాచడమే మీకు చేసే అన్యాయమని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆ మధ్య ఈ విషయమై కొంత చదివాను. 2005 జులై 18న సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం మీద పెద్ద తీర్పు ఇచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ ఉన్న ధర్మాసనం అది. ఆ కేసుకి మూలం ఒక ఘోరం. పదమూడేళ్ల పిల్ల మీద అత్యాచారం జరుగుతుంటే, సాయం కోసం ఆమె పెట్టిన కేకలు ఇరుగుపొరుగున లౌడ్‌స్పీకర్లో మోగుతున్న పాటల హోరులో ఎవరికీ వినపడలేదని పత్రికల్లో వచ్చింది. అది చదివి తట్టుకోలేక ఒక ఇంజినీరు కోర్టుకి వెళ్లాడు. మా కష్టాన్ని ఆ పిల్ల కష్టంతో పోల్చను, పోల్చకూడదు. కానీ ఆ పేరా దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. తన ఇంట్లో తను ప్రశాంతంగా ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని ఆ తీర్పు చెప్పింది. మాట్లాడే హక్కు ఒకరికి ఉన్నంత మాత్రాన ఇంకొకరి చేత బలవంతాన వినిపించే హక్కు లేదని కూడా చెప్పింది.

అంతకు ముందే, 2000 ఫిబ్రవరి నుంచి, కేంద్రప్రభుత్వ నిబంధనలున్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45. ఈ లెక్కలో రాత్రి అంటే పది నుంచి పొద్దున్న ఆరు దాకా. మీ నాలుగున్నర మీకు తెల్లవారుజాము, బ్రహ్మముహూర్తం. నిబంధన ప్రకారం అది ఇంకా రాత్రే. ఇదంతా మీ మీద ఫిర్యాదు రాయడానికి తెలుసుకున్నది కాదు. నేనే అతిగా బాధపడుతున్నానా అన్న అనుమానం నన్ను చాలాకాలం తొలిచేసింది. కాదని తెలుసుకోవడానికి చదివాను.

చప్పుడే వద్దని నేను అడగడం లేదు, అన్నయ్యగారూ. నిశ్శబ్దంగా ఉన్న ఇల్లంటే నాకు భయం. మన భాషలో చప్పుడుకి ఎన్ని మాటలున్నాయో చూడండి: సడి, సవ్వడి, అలికిడి, మోత, రొద, హోరు. ఇందులో అలికిడి అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోతుంది. ఇంట్లో అలికిడి లేదంటే మనుషులు లేరని అర్థం. అలికిడి అంటే మనిషి ఉన్నాడన్న కబురు. మీ ఇంటి అలికిడి ముప్పై ఏళ్లుగా నాకు తోడు. వదినగారు రోట్లో పచ్చడి నూరుతుంటే బండ మీద బండ ఒరిసే శబ్దం, మీ మనవడు ఎక్కాలు చదువుతూ పదమూడో ఎక్కం దగ్గర తడబడటం, కుక్కరు మూడో కూత, మీరు పెరట్లో మామిడాకులు ఊడుస్తుంటే కొబ్బరిచీపురు గరగర, మీ దగ్గు. అమ్మ పోయిన పదిరోజులూ మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. గోడ అవతల మీ ఇంట్లో పోపు చిటపటలాడుతుంటే, లోకం నడుస్తూనే ఉందన్న ధైర్యం నాకు దాని నుంచే వచ్చింది.

మరి ఈ చప్పుళ్లు నన్ను ఎందుకు బాధపెట్టవు, మోటారు ఎందుకు బాధపెడుతుంది? నాకు దొరికిన జవాబు ఒకటే. పచ్చడి నూరేటప్పుడు ఆ రోలు దగ్గర వదినగారు ఉన్నారు. చెయ్యి నొప్పి పుడితే ఆపుతారు, ఎవరైనా పిలిస్తే ఆపుతారు. మోటారు దగ్గర ఎవరూ లేరు. దాన్ని వేసిన మనిషి అక్కడ లేడు. తను వినవలసి వస్తే మనిషి ఏ చప్పుడునైనా ఇంత అని హద్దులో పెట్టుకుంటాడు. వదిలేసి వెళ్లిన చప్పుడుకి హద్దు చెప్పేవాళ్లుండరు, అది పక్కింటి వంతుకి వస్తుంది.

మీ మేడ మీద గృహప్రవేశానికి కొన్న సౌండ్‌బాక్సు సంగతీ ఇంతే. పాటలు పెట్టి అందరూ లోపల భోజనాలకి కూర్చుంటారు, అది ఖాళీ డాబా మీద మా వైపు తిరిగి మోగుతుంది. సొంత స్థలంలో పెట్టుకున్న సౌండు కూడా సరిహద్దు గోడ దగ్గర ఆ ప్రాంతపు పరిమితిని 5 డెసిబెల్సుకి మించి దాటకూడదని నిబంధన. మీరు పెళ్లికి ఊరెళ్లినప్పుడు జామచెట్టుకి కట్టేసి వెళ్లిన కుక్కపిల్ల రెండు రాత్రులు ఏడ్చింది. దాని మీద నాకు కోపం రాలేదు, గోడ మీంచి అన్నం వేశాను. ఈసారి ఎటైనా వెళ్తే మా ఇంట్లో వదిలి వెళ్లండి.

"ఇరుగుపొరుగన్నాక సర్దుకుపోవాలి, నాలుగు రోజులైతే అలవాటైపోతుంది" అని మా బంధువులు చెబుతారు. అలవాటవుతుందనే నేనూ అనుకున్నాను. నిద్రలో మెలకువ రాకపోయినా చెవి పని చేస్తూనే ఉంటుందట. చప్పుడు తగలగానే గుండె వేగం పెరుగుతుంది, నిద్ర పలచబడుతుంది. పొద్దున్నకి మనకి గుర్తుండదు, ఒంటికి గుర్తుంటుంది. రాత్రిపూట ఇంటి బయట శబ్దం సగటున 40 డెసిబెల్సు దాటకుండా చూసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో యూరప్ దేశాలకి చెప్పింది అందుకే. బడిలో మధ్యాహ్నం నాలుగో పీరియడుకి నా మాట పిల్లల మీద కరుకుగా పడుతుంటుంది. నాలుగున్నర నుంచి మేలుకున్న మనిషి మాట అది. ఆ పిల్లలు ఏం చేశారు?

ఇదంతా రాస్తున్నప్పుడు నా ఇంటి వైపు కూడా చూసుకున్నాను. ఇడ్లీపిండి గ్రైండరు రాత్రి పదిన్నరకి వేసేదాన్ని. బడి నుంచి వచ్చి, నాన్నకి అన్నం పెట్టి, కాపీలు దిద్దేసరికి ఆ వేళయ్యేది. అది వసారాలో, మీ మనవడు పడుకునే గదికి ఎదురుగా ఉండేది. మీరెప్పుడూ ఒక్క మాట అనలేదు. మీరూ నాలాగే ఊరుకున్నారేమో. గ్రైండరుని వంటింటి లోపలికి మార్చాను, కింద మందపాటి రబ్బరు పట్టా వేశాను, ఇప్పుడు సాయంత్రం ఏడులోపే పిండి రుబ్బడం అయిపోతోంది. ఇన్నేళ్లూ అలా చేసినందుకు వదినగారు నన్ను క్షమించాలి.

ఇక నేను అడిగేవి. తెల్లవారుజామున ఓల్టేజి బాగుంటుందని ఆ వేళకి మోటారు వేయడం మొదలుపెట్టామని మీరొకసారి అన్నారు. ఒకప్పుడు అది నిజమే. ఇప్పుడు సాయంత్రం ఆరుకి వేసినా నిండుతుంది, పొద్దున వదినగారి స్నానానికీ పూజకీ ట్యాంకులో నీళ్లుంటాయి. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే పరికరం వచ్చింది. అది పెట్టిస్తే రేకుల మీద నీళ్లు పడవు. దిమ్మని మా గోడ నుంచి మూడు నాలుగు అడుగులు అవతలికి జరిపి, మోటారు కింద రబ్బరు దిమ్మలు వేస్తే అదురు చాలా తగ్గుతుందని మా ఎలక్ట్రీషియన్ చెప్పాడు. కంప్రెసర్ మార్చి సబ్‌మెర్సిబుల్ వేయించమనడం పెద్ద ఖర్చు, అది నేను అడగను. పరికరానికీ రబ్బరుకీ అయ్యే డబ్బు మాత్రం నన్ను పెట్టుకోనివ్వండి. నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు పెట్రోలు డబ్బులు ఇస్తానంటే మీరు పుచ్చుకోలేదు.

ఎలక్ట్రీషియన్‌ని ఆదివారం పది గంటలకి రమ్మన్నాను. మీకు ఇష్టమైతేనే గోడ అవతలికి తీసుకొస్తాను. ఈలోగా కోపం వస్తే మా ఇంటికి వచ్చి కోప్పడండి, గేటు గడియ వేయను.

నాన్న మంచం పక్క స్టూలు మీద అమ్మ పూజలో వాడిన ఇత్తడి గంట పెట్టాను. కుడి చేత్తో ఆడించగలుగుతున్నారు. పగలైతే ఆ గంట పెరట్లో ఉన్నా వినపడుతుంది. తెల్లవారుజామున నాలుగున్నర తర్వాత మాత్రం పక్కగదిలోకి కూడా రావడం లేదు. నిన్న నేనే మోగించి చూశాను.

ఇట్లు,
గోడ ఇవతలి మీ చెల్లెలు