365 గళ్లూ చేత్తోనే నింపండి

గూగుల్ షీట్స్‌లో టెంప్లేట్ల మధ్య వార్షిక క్యాలెండర్ ఒకటి సిద్ధంగా ఉంటుంది. సంవత్సరం మారిస్తే చాలు, పన్నెండు నెలలూ తయారైపోతాయి. దాని జోలికి పోకండి. ఖాళీ షీట్ తీసుకుని జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా ప్రతి అంకెనూ మీరే టైపు చెయ్యండి. మొదటి రెండు గళ్లు నింపి, వాటిని పట్టుకుని కిందికి లాగితే మిగతా అంకెలు వాటంతటవే పడతాయని నాకూ తెలుసు. లాగకండి. నాకు ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పడుతుంది ఈ పని. భోజనం చేసి కూర్చుంటే సాయంత్రం టీ వేళకి డిసెంబరుకి చేరుకుంటాను. అప్పటికి ఏడాదంతా ఒకసారి నడిచొచ్చినట్టుంటుంది. 2026లో జనవరి 26 సోమవారం, అక్టోబరు 2 శుక్రవారం, కాబట్టి రెండుసార్లు ఊరెళ్లి రావచ్చు. ఆగస్టు 15 శనివారం, శనివారాలు సెలవున్నవాళ్లకి ఆ సెలవు పోయినట్టే. ఇవన్నీ నేను వెతికి పట్టుకున్నవి కావు. టైపు చేస్తుంటే వేళ్లకి తగిలాయి.

గళ్ల వరసలోనూ నా మాట వినండి. టెంప్లేట్లు వారాల పేర్లు పైన అడ్డంగా పెడతాయి. మీరు మన గోడ క్యాలెండర్లాగా ఎడమవైపు నిలువుగా పెట్టండి. పైన ఆది, అడుగున శని, తేదీలు పైనుంచి కిందికి. మన ఇళ్లలో కళ్లు దానికే అలవాటుపడ్డాయి, మా అమ్మ అయితే అడ్డంగా ఉన్న క్యాలెండర్‌లో తేదీ చూసి వారం తప్పు చెబుతుంది. నెలకి అయిదు నిలువు వరసలే ఇవ్వండి, ఆరోది వద్దు. మరి మిగిలిన తేదీలు? 2026 మే నెల శుక్రవారం మొదలవుతుంది, 31 ఆదివారం బయట మిగులుతుంది. దాన్ని మొదటి వరసలో ఖాళీగా ఉన్న ఆదివారం గడిలోకి ఎక్కించండి. ఆగస్టు శనివారం మొదలవుతుంది, 30, 31 రెండూ అలాగే పైకి వెళతాయి. ఫార్ములాతో ఇది చెయ్యాలంటే ఒకటే తంటా, చేత్తో అయితే రెండు క్షణాలు. ఫిబ్రవరి మాత్రం ముద్దుగా కుదిరింది. ఆదివారం మొదలై, శనివారం ముగిసి, సరిగ్గా నాలుగు వరసల్లో ఒదిగింది. దాన్ని టైపు చేసినప్పుడు కలిగిన తృప్తి ఎవరికైనా చెప్పినా అర్థం కాదు.

ఇప్పుడు అసలు సలహా. షీట్ మొత్తం ఎంచుకుని, ఫార్మాట్ మెనూలో నంబర్ దగ్గరికి వెళ్లి ప్లెయిన్ టెక్స్ట్ చేసెయ్యండి. అంటే ఆ యంత్రానికి మీ తేదీ తేదీ అని తెలియనే కూడదు. తెలిసినవాళ్లందరూ దీన్ని తప్పంటారు. నేను అనుభవంతో చెబుతున్నాను. షీట్స్ తేదీని తేదీగా దాచుకోదు, 1899 డిసెంబరు 30 నుంచి ఎన్ని రోజులైందో లెక్కగట్టి ఒక సంఖ్యగా దాచుకుంటుంది. మనం రాసింది ఏ తేదీయో దానికది ఊహించుకుంటుంది. మా కుటుంబం షీట్‌ని మొదట న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య తెరిచాడు. అందుకని అది అమెరికా పద్ధతిలో ఉంది, నెల ముందు, తేదీ తర్వాత. 2025లో తొలి ఏకాదశి జులై 6, ఆదివారం. నేను 06/07 అని కొట్టాను. అది జూన్ 7 అనుకుంది. గడిలో కనిపించేది 06/07 గానే ఉంది కాబట్టి నాకేమీ అనుమానం రాలేదు. పక్క గడిలో వారం చెప్పే ఫార్ములా శనివారం అంది, నేను దాన్నే నమ్మాను. వదిన జూన్ 7న పేలపిండి చేసి ఫొటో పంపింది. పాపం, జొన్నపేలాలు ఎక్కడ సంపాదించిందో! దాన్ని చూసి అమ్మ, "జ్యేష్ఠంలో తొలి ఏకాదశి ఏమిటే?" అంది.

అప్పుడు వెనక్కి వెళ్లి గళ్లన్నీ చూశాను. కొన్ని తేదీలు గడికి కుడివైపు అంటుకుని ఉన్నాయి, కొన్ని ఎడమవైపు. 12 దాటిన తేదీలకి తగిన నెల దొరక్క వాటిని మామూలు అక్షరాలుగా ఎడమకి నెట్టింది. 12 లోపువాటిని తిరగేసి మింగి కుడివైపు పెట్టింది. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లి లొకేల్ ఇండియా అని మార్చుకుంటే సరిపోతుందని అన్నయ్య అన్నాడు. నిజమే, మార్చాం. కానీ ఊహించుకునే అవకాశమే దానికి ఇవ్వకూడదని నేను ఆ రోజే అనుకున్నాను. "జులై 6, ఆది" అని తెలుగులో రాయండి. పక్కన ఫార్ములా లేకపోతే మీరే వేళ్ల మీద వారం లెక్కపెట్టుకుంటారు, అప్పుడు తప్పు దొరుకుతుంది.

తిథుల సంగతి మరీ ముఖ్యం. పోయినేడాది షీట్ కాపీ చేసి పండగలు పదకొండు రోజులు వెనక్కి జరపొచ్చని ఒకరు నాతో వాదించారు. తొలి ఏకాదశినే చూడండి. 2024లో జులై 17, 2025లో జులై 6. అక్కడిదాకా పదకొండే. 2026లో జులై 25! మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం వచ్చి మొత్తాన్ని ముందుకి తోసింది. తిథి అంటే చంద్రుడు సూర్యుడి కంటే 12 డిగ్రీలు ముందుకి జరిగే వ్యవధి. అది ఒక్కోసారి ఇరవై గంటల్లోపే అయిపోతుంది, ఒక్కోసారి ఇరవై ఆరు గంటలకి సాగుతుంది. 2026 ఉగాది మార్చి 19, గురువారం. దృక్ గణితం ప్రకారం ఆ ఉదయం సూర్యోదయానికి ఇంకా అమావాస్యే. కాసేపటికి పాడ్యమి వస్తుంది, మర్నాడు తెల్లవారేలోపే వెళ్లిపోతుంది. పరాభవ నామ సంవత్సరం మొదటి తిథి ఏ సూర్యోదయాన్నీ చూడదన్నమాట. సూర్యోదయం గడికి ఒక తిథి చొప్పున నింపుకుంటూ పోయే ఫార్ములా దాన్ని ఎక్కడ పెడుతుంది? అందుకని పంచాంగం ఒళ్లో పెట్టుకోండి, చదవండి, టైపు చెయ్యండి. కాపీ పేస్టు వద్దు. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి ఊరికి గణించిన పంచాంగమే చూడాలి, మన ఉదయం వాళ్ల ఉదయం కాదు.

పాల లెక్క కూడా అదే షీట్‌లో పెట్టండి. తేదీ కింద చిన్న గడిలో ఎన్ని ప్యాకెట్లో రాయండి, పనమ్మాయి నాగా పెడితే "నా" అని, గ్యాస్ బండ మార్చిన రోజు "బండ" అని. నెలాఖరుకి సమ్ ఫార్ములా వెయ్యకండి, కళ్లతో చూస్తూ నోటితో కూడండి. కూడుతుంటే పన్నెండో తారీఖున మూడు ప్యాకెట్లు ఎందుకు పోయించుకున్నామో గుర్తొస్తుంది. ఆ రోజు పిన్నీ వాళ్లొచ్చారు, పాయసం చేశాం. మొత్తం ఒక్కటే చూస్తే పిన్ని ఎక్కడుంటుంది?

రంగులు రెండు చాలు, ఎరుపూ నలుపూ.

తాళాలు వెయ్యొద్దు. ఇంట్లో అందరికీ ఎడిటర్ హక్కు ఇవ్వండి, అమ్మకీ, పదేళ్ల మేనల్లుడికీ కూడా. చెరిపేస్తే చెరిపేస్తారు. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ ఉంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపిస్తుంది, పాతది వెనక్కి తెస్తుంది. మావాడు ఒకసారి మార్చి నెల అంతా క్రికెట్ మ్యాచ్‌లతో నింపేశాడు. పాతది తెచ్చి ఆ మ్యాచ్‌లని కింద వరసలో మళ్లీ రాశాను, అవీ ఇంటి తేదీలే కదా. ఫోన్‌కి గుర్తుచేసే గంటలు మాత్రం పెట్టకండి. గంట మోగితే చూద్దాంలే అనుకున్నవాడు ఇక క్యాలెండర్ తెరవడు.

నెల మొదట్లో ఆ నెల ఒక్కటీ ఏ4 కాగితం మీద అడ్డంగా ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి, పక్కన దారం కట్టిన పెన్ను వేలాడదీయండి. పగలంతా దాని మీద రాయండి, రాత్రి పడుకోబోయే ముందు షీట్‌లోకి ఎక్కించండి. రెండుసార్లు పని అంటారా? అవును, రెండుసార్లే. మొదటిసారి తడిచేత్తో, హడావిడిలో రాసింది, రెండోసారి కుదురుగా కూర్చుని చదువుకోవడం.

డిసెంబరు మొదటి ఆదివారం మళ్లీ ఖాళీ షీట్ తెరవండి. దానికి ముందు పాతదాంట్లో ఆఖరి గడికి ఓసారి వెళ్లండి. డిసెంబరు 31, గురువారం. ఇంకా ఖాళీగానే ఉంటుంది, పాలు ఎన్ని ప్యాకెట్లు కావాలో అమ్మనడిగి రాసెయ్యండి.